పెంటయ్య అంటే అర్థం ఏంటి?

ఇంట్లో పాపో బాబో పుడితే ఇప్పుడు పంచాంగం కంటే ముందు ఫోన్ తీస్తారు. "ఫలానా అక్షరంతో పిల్లల పేర్లు, అర్థాలతో" అని కొట్టగానే బారెడు జాబితా దిగుతుంది, ప్రతి పేరు పక్కనా ఒక అర్థం, ఆ అర్థాలన్నీ తిరిగి తిరిగి లక్ష్మీదేవి దగ్గరకో సూర్యకిరణం దగ్గరకో చేరతాయి. ఆ జాబితాలో పెంటయ్య కనిపించడు. పుల్లయ్య, తవిటమ్మ, కుప్పుస్వామి కూడా కనిపించరు. వాళ్ల పక్కన అర్థం రాయాల్సి వస్తే చెత్త, ఎంగిలాకు, తవుడు అని రాయాలి మరి. అలాంటి పేరు ఏ తల్లి ఎంచుకుంటుంది?

తమాషా ఏంటంటే, తల్లులే ఎంచుకున్నారు. అదీ మొక్కుకుని మరీ.

వందేళ్ల కిందట మన దేశంలో పుట్టిన పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. వరసగా ఇద్దరో ముగ్గురో పురిట్లోనే పోయిన ఇంట్లో ఆ తర్వాతి బిడ్డ పుట్టగానే సంబరం ఉండదు, గుండె దడ ఉంటుంది. అందంగా ఉన్నవాటినీ, అందరూ ముద్దు చేసేవాటినీ చావు ముందుగా చూస్తుందని నమ్మకం. కాబట్టి దాని కళ్లు కప్పాలి. బిడ్డను తీసుకెళ్లి పెంటకుప్ప మీద ఒక్క నిమిషం పడుకోబెట్టి, ఎవరో పారేసిన పిల్లను ఏరుకొచ్చుకున్నట్టు మళ్లీ ఎత్తుకొస్తారు, పేరు పెంటయ్య. తిని పారేసిన విస్తరాకుల్లో, అంటే పుల్లాకుల్లో దొర్లించి తెస్తే పుల్లయ్య, పుల్లమ్మ. మంత్రసానికో పక్కింటావిడకో బిడ్డను ఇచ్చేసి, శేరు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటే తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. ఈ చివరి పేర్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇప్పటికీ బాగానే వినిపిస్తాయి. "వీడు మా బిడ్డ కాదు, తవుడుకి కొన్న సరుకు, వీడి కోసం నువ్వెందుకు వస్తావు" అని మృత్యువుతో బేరమాడటం అన్నమాట.

పిచ్చయ్య పేరు వినగానే నవ్వేవాళ్లు దాన్ని పిచ్చితో ముడిపెడతారు. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ పేరులో రెండో మాటకి తమిళంలో ఉన్న అర్థం అదే. తెలంగాణలో బిక్షం, బిక్షపతి, బిక్షమయ్య, బిచ్చమ్మ అన్నీ ఆ కుదురులోవే, దేవుడి దగ్గర జోలె పట్టి అడిగి తెచ్చుకున్న బిడ్డలు. తమిళనాట కుప్పన్, కుప్పుస్వామి అంటే చెత్తకుప్పే. మరాఠీలో కచ్రూ కూడా చెత్తే, ధోండూ, దగడూ అంటే రాయి. బెంగాల్లో తవుడు బదులు గవ్వలు వాడారు, మూడు గవ్వలకి కొంటే తిన్‌కడి, అయిదుకి పాంచ్‌కడి, తొమ్మిదికి నకడి. పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తా రంగస్థలం మీద పేరు మోసిన ఒక నటి పేరు తిన్‌కడి దాసి.

ఇది మన మూఢనమ్మకం, మనకే పరిమితం అనుకుంటే పొరపాటు. మంగోలియాలో పిల్లలు దక్కని ఇళ్లలో పెట్టే పేర్లు చూస్తే నవ్వూ వస్తుంది, గొంతూ పట్టేస్తుంది. నెర్గుయ్ అంటే 'పేరు లేదు'. ఎనెబిష్ అంటే 'ఇది కాదు'. తెర్బిష్ అంటే 'అది కాదు'. హున్‌బిష్ అంటే ఏకంగా 'మనిషి కాదు'. దెయ్యం గుమ్మంలోకి వచ్చి "ఈ ఇంట్లో పిల్లాడెవరు" అని అడిగితే పేరే జవాబు చెబుతుంది, ఇది కాదు, అది కాదు, ఇక్కడ మనిషే లేడు, వెళ్లు. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే ముద్దుపేరు ఉండేది, కుక్క తినగా మిగిలింది అని. ఇథియోపియాలో కాసా అంటే నష్టపరిహారం, పోయిన బిడ్డకి బదులుగా దేవుడిచ్చినవాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దేశాన్ని ఏలిన తెవోద్రోస్ చక్రవర్తి చిన్నప్పటి పేరు అదే.

నైజీరియాలోని యొరూబా వాళ్లది ఇంకో లెక్క. పుట్టి పోయి, మళ్లీ పుట్టి మళ్లీ పోయే బిడ్డలందరూ ఒకే బిడ్డ అని వాళ్ల నమ్మకం, దాన్ని అబికు అంటారు. కాబట్టి వాళ్లు చావుతో మాట్లాడరు, నేరుగా బిడ్డతోనే మాట్లాడతారు. మలొమో, 'మళ్లీ వెళ్లిపోకు'. దురోజాయె, 'ఆగి బతుకు రుచి చూడు'. అన్నిటికంటే గుండెను పిండే పేరు కొసోకో. దానర్థం 'పార లేదు'. గొయ్యి తవ్వడానికి ఇంట్లో పనిముట్టు లేదు, కాబట్టి నువ్వు చావడానికి వీల్లేదు అని. ఆ పేరున్న బిడ్డే పెద్దవాడై 1845లో లాగోస్‌కి రాజయ్యాడు, 1851లో బ్రిటిష్ నౌకలు వచ్చి ఫిరంగులు పేల్చి దింపేదాకా ఏలాడు.

ఇవన్నీ చూశాక "పేరుకి అర్థం" అనే మాటనే కొంచెం అనుమానంగా చూడాల్సి వస్తుంది. నిఘంటువు తెరిస్తే పెంట అంటే చెత్త, అంతే. కానీ పెంటయ్య అనే పేరులో ఉన్నది చెత్త కాదు, ఆ బిడ్డ బతకాలన్న ఆరాటం. మాటకి అర్థం ఒకటి, పేరు పెట్టడానికి కారణం ఇంకొకటి, ఈ రెండూ కలిసి నడవాలని ఎక్కడా లేదు.

అలాగని తిట్టులా ఉన్న ప్రతి పేరు వెనకా ప్రేమే ఉందని తీర్మానించేయడం కూడా తప్పే. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 2011 అక్టోబరులో ప్రభుత్వమే ఒక సభ పెట్టి 285 మంది ఆడపిల్లలకి కొత్త పేర్లు పెట్టింది. అప్పటిదాకా వాళ్ల పేరు నకుషా, అంటే 'అక్కర్లేనిది'. అర్థం వరకే చూస్తే ఇది మంగోలియా ఎనెబిష్‌కి అక్కాచెల్లెలు. కానీ ఇక్కడ ఎవరూ చావు కళ్లు కప్పడం లేదు, మూడోసారో నాలుగోసారో ఆడపిల్ల పుట్టిందన్న విసుగుని బిడ్డ మెడలో పలకలా వేలాడదీశారు. తమిళనాడులో కొన్ని ఊళ్లలో వేండాం అని పెట్టారు, 'వద్దు' అని. బెంగాల్లో ఆన్నాకాళి, 'ఇంక చాలు కాళీ'. హర్యానాలో భతేరీ, 'చాలు'. చైనాలో జావొదీ, 'తమ్ముణ్ణి పిలుచుకు రా', పాపం ఆ పిల్లకి తన పేరులో కూడా చోటు లేదు, అది పుట్టబోయే తమ్ముడిది. హర్యానాకే చెందిన కుస్తీ క్రీడాకారిణి అంతిమ్ పంఘాల్‌ది కూడా ఈ దారిలో వచ్చిన పేరే, ఇంట్లో ఇదే ఆఖరి ఆడపిల్ల కావాలని పెట్టారు. 2022లో ఆవిడ ఇరవై ఏళ్లలోపు వాళ్ల ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచింది, భారతీయ మహిళా రెజ్లర్లలో ఆ పతకం తెచ్చిన మొదటి మనిషి. ఆఖరిది అని పెట్టిన పేరు మొదటిది అని పేపర్లలో పడింది.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం పేర్లకి కూడా కులాల వారీగా కొలత పెట్టింది, బ్రాహ్మణుడికి మంగళకరమైన పేరు, క్షత్రియుడికి బలం సూచించేది, వైశ్యుడికి ధనం సూచించేది, శూద్రుడికి 'జుగుప్సితం', అంటే అసహ్యం పుట్టించేది. ఇక ఊళ్లలో జరిగింది చూస్తే, తల్లి పెట్టిన పేరు మల్లయ్య అయినా దొర గడీ ముందుకి రాగానే మల్లిగాడు అయిపోయేవాడు, ఎల్లయ్య ఎల్లిగాడు, పోశమ్మ పోశి. 'అయ్య' అనే రెండక్షరాలు పలకడానికి దొర నోరు రాదు. అదే మల్లన్న దేవుడి పేరు పై కులాల్లో మల్లేశ్వరరావు అయి, చదువుకున్న తరంలో మల్లేశం అయి, హైదరాబాద్ చేరాక మల్లేష్ అయింది. నాలుగు పేర్లకీ అర్థం ఒక్కటే, శివుడు. మరి అర్థం తెలుసుకుని ఏం లాభం? ఎవరు, ఎవర్ని, ఏ తోకతో పిలిచారన్నది తెలియాలి.

దీనికి సముద్రం అవతల అచ్చంగా ఇలాంటి కథే ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా ఘనాలో, అకాన్ జనం బిడ్డకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆదివారం పుట్టిన మగబిడ్డ క్వాసీ, సోమవారం క్వాజో, బుధవారం క్వాకు, శుక్రవారం కోఫీ, శనివారం క్వామె. ఆడపిల్లలకి అకోసువా, అజువా, అఫువా, అమా ఇలా వేరే వరస. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అట్టా అన్నన్ పూర్తి పేరు వింటే ఆయన జాతకం సగం తెలిసిపోతుంది. కోఫీ అంటే శుక్రవారం పుట్టాడు, అట్టా అంటే కవలల్లో ఒకడు, అన్నన్ అంటే నాలుగో సంతానం. 1938 ఏప్రిల్ 8న కుమాసీలో పుట్టాడు, క్యాలెండర్ చూడండి, శుక్రవారమే.

ఘనా మొదటి అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా విషయం ఇంకా బాగుంటుంది. ఆయన పుట్టిన తేదీ 1909 సెప్టెంబర్ 21 అని చర్చి పాద్రీ రాసిపెట్టాడు. అది మంగళవారం. పేరేమో క్వామె, శనివారం బిడ్డ. తల్లికి తేదీలు తెలియకపోవచ్చు గానీ వారం ఎలా మర్చిపోతుంది? కాబట్టి అసలు పుట్టిన రోజు ఆ దగ్గర్లోని శనివారం, 18వ తేదీ అయ్యుండాలని లెక్క తేలింది. రిజిస్టర్ కంటే పేరే నమ్మకమైన సాక్షి. మన దగ్గర బడిలో చేర్చేటప్పుడు మాస్టారు నోటికొచ్చిన జూన్ తేదీ వేసేయడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

బానిసలుగా పట్టుకెళ్లినప్పుడు ఈ వారాల పేర్లు కూడా ఓడలెక్కాయి. జమైకా కొండల్లో తెల్లవాళ్లతో పోరాడి 1739లో వాళ్లతోనే ఒప్పందం మీద సంతకం పెట్టించిన మరూన్ల, అంటే తోటల నుంచి పారిపోయి స్వతంత్రంగా బతికిన ఆఫ్రికన్ల, నాయకుడి పేరు కజో, అంటే మన సోమయ్య. కానీ అదే దీవిలో, తోటల యజమానుల నోళ్లలో, ఆదివారం పుట్టినవాడన్న క్వాషీ కాస్తా 'బుర్ర లేనివాడు' అనే తిట్టుగా మారిపోయింది. పేరులో ఏ తప్పూ లేదు, వారం పేరు అది. మల్లిగాడి కథే. మరోపక్క అమెరికాలో పాల్ కఫీ అనే ఆయన ఉండేవాడు, 1759లో పుట్టాడు, ఓడల యజమాని అయ్యాడు. తండ్రి కోఫీని ఘనా ప్రాంతం నుంచి బానిసగా తెచ్చారు, ఇంటిపేరుగా యజమాని పేరు అంటుకుంది. పాల్ ఆ యజమాని ఇంటిపేరు వదిలేసి తండ్రి పిలుపుపేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. శుక్రవారం అన్న మాట ఒక వంశానికి గుర్తయింది.

వారానికీ పేరుకీ ముడి మనకి కొత్త కాదు, సోమయ్య, మంగమ్మ, శుక్రయ్యలు మనకీ ఉన్నారు, కాకపోతే మనవాళ్లు తిథి, నక్షత్రం, దేవుడు అన్నీ కలిపేయడంతో ఏది వారమో ఏది దేవుడో విడదీయడం కష్టం. బర్మాలో అయితే లెక్క శుభ్రంగా ఉంటుంది. వారానికి కొన్ని అక్షరాలు, సోమవారానికి క వర్గం, గురువారానికి ప వర్గం, అలా. ఇంటిపేరు అనేదే లేదు. ఐక్యరాజ్యసమితికి 1961 నుంచి 1971 దాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ పేరులో 'ఊ' అనేది 'గారు' లాంటి గౌరవవాచకం, మిగిలిన ఒక్క మాటే పేరు. అది శుక్రవారపు అక్షరంతో మొదలవుతుంది, ఆయన పుట్టింది 1909 జనవరి 22, శుక్రవారం. ఎవరెస్టు దారుల్లో షెర్పాల పేర్లు దావా, పాసాంగ్, పెంబా వింటాం కదా, అవి సోమ, శుక్ర, శనివారాలు.

మన నక్షత్ర పాదాల లెక్క ఇంకా సన్నం. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇంతవరకూ బాగానే ఉంది, ఆరుద్ర మూడో పాదంలో పుడితే 'ఙ' వస్తుంది, హస్త మూడో పాదానికి 'ణ'. ఆ అక్షరాలతో పేరు ఎక్కడి నుంచి తేవాలో బ్రహ్మకే తెలియాలి, చివరికి పురోహితుడు గారు పక్క అక్షరం చూపించి గట్టెక్కిస్తారు, లేదా బియ్యంలో రాసే పేరు ఒకటి, బడిలో రాసే పేరు ఒకటి అని సర్దుకుంటారు. ఈమధ్య వింత పేర్లు ఎక్కువయ్యాయని పెద్దవాళ్లు విసుక్కుంటారు గానీ, ఆ వింతలో చాలా భాగం ఈ అక్షరాల టెన్షన్ నుంచే పుడుతోంది.

బాలి దీవిలో వారం లేదు, నక్షత్రం లేదు, వరస ఉంది. మొదటి బిడ్డ వయాన్, రెండో బిడ్డ మాదె, మూడో బిడ్డ న్యోమాన్, నాలుగో బిడ్డ కెతుత్. ఆడైనా మగైనా అదే పేరు. మాదె అన్నది మన 'మధ్య' అన్న మాటే. ఐదో బిడ్డ పుడితే మళ్లీ వయాన్ దగ్గరికి రావాల్సిందే. ఇండోనేసియా ప్రభుత్వం దశాబ్దాల పాటు "ఇద్దరు పిల్లలు చాలు" అని ప్రచారం చేసింది, అది ఫలించింది, దాంతో న్యోమాన్లు తగ్గారు, కెతుత్‌లు కరువయ్యారు. 2019లో బాలి గవర్నర్ ఆ నినాదం ఆపించి నలుగురు పిల్లల సంప్రదాయం కాపాడమన్నాడు. ఆయన పేరు వయాన్ కోస్తర్, పెద్ద కొడుకు పేరు, మూడో నాలుగో పేర్లు పోతాయన్న బెంగ ఆయనకే వచ్చింది. కుటుంబ నియంత్రణ వల్ల పేర్లు అంతరించిపోవడం అనేది బహుశా ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనపడదు.

పక్కనే జావాలో పేరుకి బరువుంటుందని నమ్ముతారు. బిడ్డ మాటిమాటికీ జబ్బు పడుతుంటే ఆ పేరు బరువు మోయలేకపోతున్నాడని మార్చేస్తారు. ఇండోనేసియా మొదటి అధ్యక్షుడు సుకర్ణో చిన్నప్పటి పేరు కుస్నో, ఎప్పుడూ మంచాన పడుతుండేవాడు, తండ్రి మహాభారతంలోని కర్ణుడి పేరు పెట్టాడు. కవచకుండలాలున్నవాడి పేరు తేలికెలా అవుతుందో గానీ, ఆ పిల్లాడు మాత్రం తట్టుకున్నాడు.

తెలుగు పేర్లలో అన్నిటికంటే రుచిగా ఉండేది మాత్రం వాటిలో దాగున్న ఊళ్ల పటం. సింహాద్రి, అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అంటే విశాఖ వైపు సింహాచలం. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి చుట్టుపక్కల. పెంచలయ్య అన్నాడంటే నెల్లూరు దగ్గర పెంచలకోన నరసింహస్వామి. మాలకొండయ్య అంటే ప్రకాశం, ఓబులేసు అంటే అహోబిలం కిందనున్న సీమ, కోటయ్య, కోటేశ్వరరావు అంటే ఎక్కువగా కోటప్పకొండ. యాదగిరి, యాదయ్య అంటే యాదగిరిగుట్ట, కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న, రాజయ్య అంటే వేములవాడ రాజన్న, సమ్మయ్య, సారయ్య, సమ్మక్క అంటే మేడారం. ఈ లెక్క అన్నిసార్లూ తప్పకుండా పనిచేస్తుందని కాదు, వలసలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి, కానీ అరవై దాటినవాళ్ల పేరు చెబితే జిల్లా చెప్పగలిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ పటంలో గుళ్లే కాదు, దర్గాలూ ఉన్నాయి. సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది, చుట్టుపక్కల పదుల ఊళ్లలో హిందూ ఇళ్లలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. సైదిరెడ్డి అనే పేరుని మాటల వారీగా విడగొట్టి అర్థం చెప్పమంటే ఏ పేర్ల వెబ్‌సైటూ చెప్పలేదు, ఒక ముక్క అరబ్బీ, రెండో ముక్క అచ్చ తెలుగు కులనామం, రెండింటినీ కుట్టిన దారం పిల్లలు లేని తల్లి మొక్కు. గుంటూరు, నెల్లూరు వైపు మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రావు ఇలాగే వచ్చారు, నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకి మొక్కుకుని పెట్టిన పేర్లు వాటిలో ఎన్నో. రాయలసీమలో ఉసేనప్ప, ఫకీరప్ప, దస్తగిరమ్మ. పేరు చూసి మతం చెప్పేస్తామనుకునేవాళ్లకి ఈ పేర్లు పెద్ద తలనొప్పి, అది మంచిదే.

ఇంక ప్రభుత్వాల గొడవకొద్దాం. పన్ను వసూలు చేయాలన్నా సైన్యంలో చేర్చుకోవాలన్నా ఊరంతా ఒకే పేరుంటే కుదరదు, కాబట్టి ఇంటిపేర్లు లేని చోట చట్టం చేసి పెట్టించారు. జపాన్‌లో 1875లో తప్పనిసరి చేశారు, టర్కీలో 1934లో. థాయ్‌లాండ్‌లో 1913లో చట్టం తెచ్చిన రాజు పేరు వజిరావుధ్, అంటే మన వజ్రాయుధుడు. ఆయన స్వయంగా కూర్చుని ఆరు వేల పైచిలుకు కుటుంబాలకి ఇంటిపేర్లు రాసిచ్చాడు, సంబంధం లేని రెండు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉండకూడదన్నది నియమం, అందుకే థాయ్ ఇంటిపేర్లు రైలంత పొడుగుంటాయి. అంత పొడుగు ఎవరు పిలుస్తారు, ఇంట్లో అందరికీ మూ, కోప్ లాంటి చిట్టి పేర్లు, అంటే పంది, కప్ప.

మంగోలియాలో తిరగబడి జరిగింది. 1920ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం వంశనామాలు వద్దంది, డెబ్బై ఏళ్లు గడిచాక 1990ల్లో మళ్లీ పెట్టుకోండి అన్నారు. ఈలోపు చాలామంది తమ వంశం పేరే మర్చిపోయారు. ఏం చేస్తారు, వేలకి వేలమంది చెంఘిజ్ ఖాన్ వంశం పేరు బోర్జిగిన్ రాయించేసుకున్నారు. 1981లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మంగోలియన్ గురగ్చా మాత్రం సన్సార్ అని పెట్టుకున్నాడు. మంగోల్ భాషలో సన్సార్ అంటే అంతరిక్షం. బౌద్ధం వెంట అక్కడికి చేరిన మన 'సంసారం' అన్న మాటే అది. తెలుగులో సంసారం అంటే పప్పు, ఉప్పు, ఇంటద్దె. అదే మాటను ఆయన రాకెట్ ఎక్కొచ్చిన గుర్తుగా పెట్టుకున్నాడు.

ఐస్‌లాండ్‌లో ఎక్కువమంది ఇప్పటికీ ఇంటిపేరు పెట్టుకోలేదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు', 'కూతురు' అని తోక తగిలిస్తారు, ఫోన్ డైరెక్టరీ కూడా పిలుపుపేరు వరసలోనే ఉండేది. తమిళుల ఇనీషియల్ కూడా తండ్రి పేరే. మన ఇనీషియల్ ఇంటిపేరు, అదీ ముందు వస్తుంది, చైనా, జపాన్, హంగరీ వాళ్లలాగా. జపాన్ 2020 నుంచి ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా ప్రభుత్వ కాగితాల్లో ఇంటిపేరే ముందు రాయాలని నిర్ణయించుకుంది. మనవాళ్లు అమెరికా విమానం ఎక్కగానే తిరగేసేస్తారు, ఆఫీసులో తాతల ఊరి పేరుతో పిలిపించుకుంటారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిపోయి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకైతే వీసా మీద ఎఫ్ఎన్‌యు అని అచ్చవుతుంది, మొదటి పేరు తెలియదు అని. వీసా చూసి "మిస్టర్ ఫ్నూ" అని పిలిచే గుమాస్తాలు కూడా ఉంటారు. మంగోలియా నెర్గుయ్‌ని తల్లి ప్రేమతో పేరు లేనివాణ్ణి చేసింది, ఇక్కడ కంప్యూటర్ చేసింది.

మళ్లీ ఫోన్‌లోని జాబితా దగ్గరికి వస్తే, ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో ప్రతి అంతస్తులో వినిపిస్తున్న మైరా అనే పేరు పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ కవి ఫల్క్ గ్రెవిల్ తన కవితల కోసం కల్పించింది. కియారా ఇటాలియన్‌లో 'వెలుగైనది', దాదాపు అవే అక్షరాలతో ఐర్లాండ్‌లో కీరా అని పలికే పేరుకి అర్థం 'నల్లన', ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. అమ్మ పేరులో ఒక ముక్క, నాన్న పేరులో ఒక ముక్క కలిపి పేరు కట్టడం చూసి వెక్కిరించేవాళ్లు ఉన్నారు గానీ, జొనాథన్ స్విఫ్ట్ తన స్నేహితురాలి ఇంటిపేరులోంచి 'వాన్', ఎస్తర్ అన్న ఆమె పేరులోంచి 'ఎస్సా' తీసి కలిపితేనే వెనెస్సా పుట్టింది. మూడొందల ఏళ్లయింది, ఇప్పుడు అది నికార్సయిన పాత పేరు. కాబట్టి మైరాకీ కియారాకీ సంస్కృత ధాతువు అతికించి లక్ష్మీదేవిని చేయాల్సిన పని లేదు. నచ్చింది, పెట్టారు, అదీ కారణమే.

పెంటయ్యలు మాత్రం ఇంక పుట్టరు. టీకాలు వచ్చాయి, ఆస్పత్రి కాన్పులు వచ్చాయి, చావుతో బేరమాడాల్సిన అవసరం చాలా ఇళ్లలో తప్పింది. ఉన్నవాళ్లలో కొందరు బడిలో చేరినప్పుడే ప్రతాప్‌లుగా, ప్రసాద్‌లుగా మారిపోయారు, ఇంకొందరు పెద్దయ్యాక అఫిడవిట్ రాయించి, పేపర్లో ప్రకటన వేయించి, గెజిట్‌లో పేరు మార్చుకున్నారు. మార్చుకోనివాళ్ల కొడుకులు సాఫ్ట్‌వేర్‌లో చేరి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డారు. వాళ్ల పాస్‌పోర్టు మొదటి పేజీలో ఏ పేరైనా ఉండొచ్చు, చివరి పేజీలో తండ్రి పేరు ఉండే గడిలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెంటయ్య అనే ఉంటుంది.